మర మీద మరణం

ఈరప్ప గొంతు కోసి ఆదోని జిన్నింగు మిల్లులో శవాన్ని పత్తి కుప్ప కింద దాచేశారు. మధ్యాహ్నం కూలీలు పత్తి ఎత్తుతుంటే నెత్తురు గడ్డకట్టిన చెయ్యి బయటపడింది. చచ్చినవాడు క్లీనరు వేషంలోని సీక్రెట్ ఏజెంటని ఆ గుంపులో ఒక్కడికే తెలుసు: మెకానిక్ వేషంలో ఉన్న అబ్బాస్ అలీకి. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. పళ్ళు బిగబట్టి చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"రాకెట్ ఇంధనం ట్యాంకర్ ఎమ్మిగనూరు మీదుగా పోతోంది. లీకైతే ఊరు మిగలదు. విదేశీ ముఠా దాన్ని ఏదో చేసింది. ఏం చేసిందో ఈరప్పకు తెలిసింది," అన్నాడు చీఫ్.

"అందుకే సంపినారు సార్."

"ఆ ముఠాలో మన మనిషి ఉంది. కోడ్ మాట 'పత్తి తడిసింది'."

ఎమ్మిగనూరులో ఆరోజు సంత. అబ్బాస్ అలీ చేరేసరికి ఊరి మొదట్లో షెడ్డు ముందు ట్యాంకర్ ఆగి ఉంది. సీటు కింద డ్రైవరు శవం. అబ్బాస్ అలీ వెనక్కి తిరిగేసరికి జరీచీర, నల్లకళ్ళద్దాలు, చేతిలో పిస్టల్‌తో అజీమున్నీసా. ముఠా నాయకుడు విక్టర్‌కు కుడిభుజం.

"పత్తి తడిసింది," అన్నాడు.

"ఎండకు ఆరుతాదిలే అన్నా." పిస్టల్ దించింది. "ట్యాంకు మూత బోల్టులకు సందులు మూసే సీలెంటు జిగురు ఒకపక్కే పూసినారు. రెండోపక్క మర బోడిగా ఉండాది. సంతలో లారీ అదిరితే ఆ సందులోంచి విషం కక్కుతాది."

హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ గొట్టం తీసి విసిరింది. నిండా సీలెంటే.

అబ్బాస్ అలీ ముక్కుకు తడిగుడ్డ కట్టి ట్యాంకెక్కాడు. ఒక్కో బోల్టే విప్పి, తుడిచి, జిగురును బొటనవేలితో మర చుట్టూ సమానంగా పట్టించి బిగిస్తున్నాడు. ఎక్కువైతే లోపలికి కారుతుంది, తక్కువైతే సందు మిగులుతుంది. ఇంతలో ముఠావాడొకడు వెనకనుంచి ఎక్కి భుజంలో కత్తి దింపాడు. స్పానరుతో వాడి దవడ పగలగొట్టాడు. ఇంకొకడు మెడకు గొలుసు బిగించాడు. మోచేత్తో వాడి పక్కటెముకలు విరిచి కిందికి తోసేశాడు.

చివరి బోల్టు చేతిలో ఉండగా లారీ కదిలింది. స్టీరింగు దగ్గర విక్టర్! లారీని సంతమీదికే పోనిస్తున్నాడు. ఖాళీ రంధ్రంలోంచి గోధుమరంగు పొగ బుస్సుమంది. కళ్ళు మండిపోతున్నాయి. వేళ్ళనిండా నెత్తురు. నెత్తురంటితే జిగురు పట్టదు. చెయ్యి చొక్కాకు తుడుచుకుని, మర చుట్టూ సీలెంటు పూసి బోల్టు తిప్పాడు.

"ఆపురా!" అజీమున్నీసా లారీకి అడ్డం నిలబడింది. విక్టర్ కాల్చాడు. ఆమె చెయ్యి నెత్తురు చిమ్మింది. రెండో చేత్తో ఆమె కాల్చిన గుండు అద్దం పగలగొట్టి విక్టర్ నుదుట్లో దిగింది. లారీ ఆమె పక్కనుంచి దూసుకుపోయి రాళ్ళగుట్టకు కొట్టుకుని, కూరగాయల గంపలకు మూరెడు దూరంలో ఆగింది. అబ్బాస్ అలీ స్పానరు మీద ఒళ్ళంతా వేసి ఆఖరి చుట్టు బిగించాడు. పొగ తెగింది.

సాయంత్రం చీఫ్ ఫోన్‌లో అడిగాడు: "ఊళ్ళో ఎవరికైనా అనుమానం వచ్చిందా?"

"లేదు సార్. దోవకు అడ్డంగా లారీ పెట్టినానని మారెమ్మ అనే వంకాయలామె తిట్టింది, అంతే."