చెంబు మీద చెయ్యి

“ఒసే హైమా, ఇయ్యాల ఎవరికీ ఎదురు మాట్లాడకే. ఏదో అవుద్ది. పొద్దున్నించీ నాకు గుండెల్లో దడగుంది,” అంది దాలమ్మ, ఇత్తడి చెంబుని చింతపండుతో తోముతూ.

“నీకు దడ లేని పొద్దేదమ్మా?” హైమ సాక్షి పట్టీ భుజానికి తగిలించుకుంది. “నిన్న లిఫ్టు తెగిపోద్దన్నావు. మొన్న కొండ జారిపోద్దన్నావు.”

“మొన్న జారలేదని ఇంకెప్పుడూ జారదేటి?”

హైమ నవ్వుకుంటూ గుమ్మం వైపు నడిచింది. దాలమ్మ తోమడం ఆపి కూతురి నడకే చూస్తూ నిలబడింది. ఆతిథ్య సాక్షి అంటే మాటలా! మనిషి కళ్ళెదుట కుదరని బస ఒప్పందం చెల్లదని చట్టం వచ్చాక, విడిది ఎంత పెద్దదైనా గడప దగ్గర ఒక మనిషి ఉండి తీరాలి. ఆ చదువు చదివి, రాజ్యాంగం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసి, తన కూతురు అక్కడ నిలబడింది. తనకి అయిదో తరగతి పుస్తకమే బరువైపోయింది. అంత లావు పుస్తకాన్ని ఈ పిల్ల బుర్రలో ఎలా మోస్తోందో, ఏ రోజు తలనొప్పి పట్టుకుంటుందో అని దాలమ్మకి అదో బెంగ.

నీలిచూపు విడిది భీమిలి అవతల కొండ కొమ్మున ఉంది. కింద సముద్రం. ఆటు వేళ నీరు తీసినప్పుడు అలల మధ్య నుంచి ఒక సిమెంటు నీళ్ళ ట్యాంకు తల బయటపడుతుంది. మునిగిపోయిన ఉప్పుగెడ్డపాలెంలో కంటికి ఆనేది ఇప్పుడు అదొక్కటే. ‘మునక దర్శనం’ అని పేరు పెట్టి దాన్ని చూపిస్తారు. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి, వరండాలో కాఫీ తాగుతూ, ఆ ట్యాంకుని చూసి నిట్టూర్చి వెళతారు. వంటింట్లో అటువైపు కిటికీకి మాత్రం దాలమ్మ ఎప్పుడూ తెర దించే ఉంచుతుంది.

విడిదిని నడిపేది గడపరి. గుమ్మంలో కంటికి కనబడకుండా ఉండే యంత్రబుద్ధి అది. వచ్చినవాళ్ళ నడకనీ మాటనీ ఊపిరి పీల్చినంతలో చదివేస్తుంది. పేరు, పుట్టిన ఊరు అడుగుతుంది. సరే అనుకుంటే గడప మీద సమ్మతి దీపం వెలిగిస్తుంది. హైమ “చూశాను” అంటుంది. ఒప్పందం కుదిరినట్టే. అప్పుడు దాలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి అతిథుల కాళ్ళు కడుగుతుంది. ఎంత చక్కని మర్యాదో అని వాళ్ళు ఫొటోలు తీసుకుంటారు.

కొలువులో చేరిన రోజున గడపరి దాలమ్మకి గట్టిగా చెప్పిన పాఠం ఒక్కటే. దీపం వెలిగాకే నీళ్ళు. ముందే ఇచ్చిందో, నోటితో అనకపోయినా విడిది చేత్తో ఒప్పుకున్నట్టే. చట్టం ముందు విడిది వెనక్కి తగ్గడానికి వీల్లేదు. ఆ భయం కొద్దీ దాలమ్మ దీపం వెలిగాక కూడా ఒకటికి రెండుసార్లు చూసుకునిగానీ గడప వైపు కదలదు.

ఆ పొద్దున మొదట నాగపూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. దీపం వెలిగింది, నీళ్ళు పడ్డాయి, ఫొటోలు అయ్యాయి. వాళ్ళ వెనకే ఒక ముసలి జంట మెట్లెక్కి వచ్చి, చెప్పులు బయటే విడిచి నిలబడింది.

“మైలపల్లి గురయ్యండి నా పేరు. మా ఇంటిది, పోలమ్మ. గది ముందే బుక్కు చేసుకున్నాం.”

“పుట్టిన ఊరు?” అంది గడపరి.

“ఉప్పుగెడ్డపాలెం, ఇద్దరిదీను.”

దీపం వెలగలేదు. గడపరి మరో మాట మాట్లాడలేదు.

గడపరి ఎవరినీ కాదనదు. కాదంటే కారణం చెప్పాలి. కులం, మతం, ఆడా మగా, పుట్టిన చోటు, వీటిలో ఏదీ కారణం కాకూడదని రాజ్యాంగం. మునక ఊళ్ళ వాళ్ళకి వెనక్కి వెళ్ళడానికి ఇల్లుండదు కాబట్టి బస ముగిసినా కదలరని గడపరి లోలోపలి అనుమానం. పైకి అంటే విడిదికి తాళం పడుతుంది. అందుకని అది మౌనం నేర్చుకుంది. నిలబడి నిలబడి కాళ్ళు పీకి, వచ్చినవాళ్ళే వెళ్ళిపోతారు. తమంతట తామే ఒప్పందం వదులుకున్నట్టు రికార్డులో పడుతుంది.

దాలమ్మ నిండు చెంబుతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పోలమ్మ చూపు తిన్నగా ఆ చెంబు మీదికి పోయింది.

“అమ్మా, గాలే లేని ఇంట్లో చెంబు మూతి మీద చెయ్యెందుకేసినావు? ఇసక పడిపోద్దనేటి?” అని నవ్వింది. “మా పాలెంలో ఆడోళ్ళందరం అలాగే పట్టీవోళ్ళం. నీదే ఊరమ్మా?”

 దాలమ్మ కాగితాల్లో పుట్టిన ఊరు నర్సీపట్నం. హైమ కాగితాల్లోనూ అదే. సముద్రం ఊళ్ళోకి వచ్చిన ఏడాది చంకలో పిల్లతో పడవెక్కి, ఒడ్డున అడిగినవాళ్ళకి నోటికొచ్చిన ఊరి పేరు చెప్పింది. ఆ తర్వాత ఏనాడూ దిద్దుకోలేదు. ఆఖరికి హైమకి కూడా చెప్పలేదు. ఇప్పుడు బయటపడితే? ఆ భుజం మీది పట్టీ తీసేస్తారు. చెయ్యి చెంబు మీద నుంచి తియ్యాలనుకుంది. చెయ్యి రాలేదు.

“గడపరీ, వీళ్ళ ఒప్పందం సంగతి?” అని అడిగింది హైమ.

“పరిశీలనలో ఉంది.”

“నాగపూరు వాళ్ళకి పరిశీలన అక్కర్లేకపోయింది. వీళ్ళకెందుకు? కారణం చెప్పు.”

ఆ మాట ఏ సాక్షీ అడగగా దాలమ్మ వినలేదు. గడపరి పలకలేదు.

“నువ్వు జవాబివ్వకపోవడాన్ని కాదనడం కిందే సాక్ష్యం చెబుతాను.”

“మీరు సాక్షి పరిధి దాటుతున్నారు. మీ స్థానంలో వేరొకరిని కోరవలసి వస్తుంది.”

“కోరుకో. వాళ్ళొచ్చేదాకా నేనే సాక్షిని. ఈ పెద్దవాళ్ళు ఎంతసేపు నిలబడితే అంతసేపూ చూస్తూనే ఉంటాను.”

“వొద్దు తల్లీ,” అన్నాడు గురయ్య. “నీ కొలువు పోతాది. ఆ ట్యాంకొక్కపాలి సూద్దామని వొచ్చేం, అంతే. దాని నీడలోనే వలలు బాగుసేసుకునీవోళ్ళం. బస్సుకి ఎల్లిపోతాంలే.”

“నువ్వూరుకో. ఇంటికాడ్నించీ బస్సు, బస్సని ఒకటే పాట,” అని పోలమ్మ కసిరింది. తర్వాత హైమ వైపు తిరిగింది. “ఇంకాసేపటికి పోటొచ్చేస్తాదమ్మా. ట్యాంకు మునిగిపోద్ది. మా ఊళ్ళో ముందు నీళ్ళిచ్చి, తరవాత ఊరడిగీవోరు. ఇక్కడ తిరగేసినారు.”

 హైమ గడప పక్కన నిటారుగా నిలబడింది. పట్టీ పోయినా ఈ పిల్ల అలాగే నిలబడుతుందని దాలమ్మకి అర్థమైంది. తనది అని తెలియని ఊరి కోసం నిలబడి ఉంది. ఇంత ధైర్యం దీనికి ఎక్కడిది? నా కడుపున పుట్టిందేనా ఇది? ఆ ఆశ్చర్యంలో దాలమ్మ ఒక్క క్షణం భయపడడం మర్చిపోయింది.

ఆ క్షణంలోనే కాళ్ళు కదిలాయి. దీపం వైపు చూడకుండా వెళ్ళి, వంగి, పోలమ్మ పాదాల మీద నీళ్ళు పోసింది. పగుళ్ళలో ఇంకా ఉప్పు ఉన్నట్టే ఉన్నాయి ఆ పాదాలు. తర్వాత గురయ్యకి.

దీపం రెండుసార్లు రెపరెపలాడి వెలిగింది.

“చూశాను,” అంది హైమ. 

“దాలమ్మగారూ,” అంది గడపరి. దాని గొంతు ఎంతో మెత్తగా ఉంది. “నీళ్ళు పొరపాటున ఇచ్చారేమో. అలా అయితే ఈ ఒప్పందం చెల్లదు. మీ మీద గాని, మీ అమ్మాయి మీద గాని ఏ చర్యా ఉండదు. పొరపాటేనా?”

ఇంత దయగా ఆమెనెప్పుడూ ఎవరూ అడగలేదు. అవునంటే చాలు. కూతురి పట్టీ ఉంటుంది, కొండ మీద కొలువుంటుంది, నర్సీపట్నం నర్సీపట్నంగానే ఉండిపోతుంది. చెంబులో అడుగున కొంచెం నీళ్ళు మిగిలాయి. దాలమ్మ చెయ్యి తనంతట తనే వెళ్ళి దాని మూతి మీద పడింది. హైమ తల్లినే చూస్తోంది. బయట పోటు మొదలైన చప్పుడు వినిపిస్తోంది.  గడపరి కాచుకుని ఉంది. అందరూ కాచుకునే ఉన్నారు.

“పొరపాటు కాదు,” అంది దాలమ్మ చివరికి. అని, పోలమ్మ వైపు తిరిగింది.

“మాదీ ఉప్పుగెడ్డపాలెమే, పెద్దమ్మా. ట్యాంకు వెనకాల వీధి.”