తడి ఫిల్టర్

పొద్దుటి ఎండ హాల్లోకి వచ్చే వేళకి ఆ ఇంట్లో గాలికి కూడా తెల్లటి నూగు మొలిచినట్టుండేది. అన్నీ పిల్లి వెంట్రుకలే. సోఫా మీంచి లేచి, వెలుతుర్లో కాసేపు తేలి, ఎక్కడ వాలాలో తోచనట్టు మెల్లగా దిగేవి. కోడలు వాటిని చూస్తూ చూస్తూ కాఫీ చల్లార్చుకునేది. తర్వాత నిట్టూర్చి వాక్యూమ్ క్లీనర్ బయటికి లాగేది.

పిల్లి పేరు దూది. ఒక రకంగా అది కూడా కోడలితో పాటే ఆ ఇంటికి కాపురానికొచ్చింది. అత్తగారికి దగ్గు మొదలయ్యాక డాక్టరు, వెంట్రుకలు ఎగరకుండా చూసుకోమన్నాడు. దానికి కొడుకు సొంత కవిత్వం జోడించాడు. దూది అమ్మ గదిలో అడుగు పెట్టకూడదు, దగ్గు తగ్గకపోతే దాన్ని తన స్నేహితుడి ఇంటికి పంపేయాలి. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే ఆ మెకానిక్ కొడుకు, ఇంట్లో మిషన్‌ని మాత్రం వేలితో ముట్టడు. అందుకని తను పనిచేసే కళ్లద్దాల షాపుకి వెళ్లేముందు ఆ గొట్టం పట్టుకుని ఇల్లంతా తిరగడం కోడలి వంతయింది.

ఆ రోజు మిషన్ కాసేపు మూలిగి, నానిన గుడ్డల వాసనేసి, ఆగిపోయింది.

కోడలు నేలమీద పాత పేపరు పరిచి మిషన్ని విప్పింది. బ్రష్‌కి చుట్టుకున్న వెంట్రుకల్ని కత్తెరతో కోసి లాగింది. దుమ్ము డబ్బా ఊడదీసి, లోపలి ఫిల్టర్ పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. సబ్బు వాసన. ఆమె దాన్ని దులపడమే గానీ తడపదు. తలుపు ముందు పట్టా నుంచి గొడుగు దాకా కంటబడ్డ ప్రతిదాన్నీ సబ్బుపెట్టి ఉతికే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే.

ఫిల్టర్ పట్టుకుని విసవిసా వంటింట్లోకి వెళ్లింది.

"అత్తయ్యా, ఇది మీరు ఉతికారా?"

అత్తగారు చూసీ చూడనట్టు తల తిప్పుకుంది. "మురికిగా ఉంటేనూ..."

"తడిది పెడితే మోటారు కాలిపోతుందని చెప్పాను కదా! మిషన్ పాడైతే వెంట్రుకలు పేరుకుంటాయి, మీకు దగ్గు ఎక్కువవుతుంది, దూదిని పంపేస్తారు. పిల్లి మీదా ఎలుక మీదా పెట్టకుండా సూటిగానే అడుగుతున్నా. దాన్ని వదిలించుకోవాలనే చేశారా?"

"ఏంటా మాటలు!" చొక్కా బొత్తాలు సగం పెట్టుకుని కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మ దగ్గలేక చస్తుంటే నీకు పిల్లి గొడవ. ఇంక లాభం లేదు, ఇవాళే దింపేసి వస్తా."

అటక మీంచి బుట్ట తీశాడు. బుట్టని చూడగానే దూది సోఫా కిందికి దూరింది. అతను మోకాళ్ల మీద వంగి, "రావే, రా," అంటూ చెయ్యి లోపలికి పెట్టాడు. కోడలు నిలబడ్డ చోటే నిలబడి ఏడుస్తోంది.

"ఒరేయ్, దాని జోలికెళ్లకు," అంది అత్తగారు.

"నీకోసమే కదమ్మా!"

"నాకోసమే అయితే ఉండనీ." అత్తగారు స్టూలు మీద కూలబడింది. దొంగతనం బయటపడ్డ చిన్నపిల్లలా వేళ్లు నలుపుకుంటూ అంది. "మీరిద్దరూ వెళ్లాక అది నా గదిలోనే ఉంటుంది. నేనే తలుపు తీస్తాను. మధ్యాహ్నం నా పక్కలోనే పడుకుంటుంది."

"మీ పక్కలోనా?" కోడలికి ఏడుపు ఆగిపోయింది.

"మీ మామగారు పోయాక ఆ మంచం మీద ఇంకో ఊపిరి లేదమ్మా. అది గురగురమంటుంటే నిద్ర పడుతుంది. ఎక్కడెక్కడికో వెళ్లొస్తాను. కలలో ఆయన పడవ తోస్తుంటారు, నేను నీళ్లల్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాను. లేచి చూస్తే దుప్పటంతా వెంట్రుకలు. మీరొచ్చేలోపు మిషన్ పెట్టి లాగేసేదాన్ని. నిన్న లాగనని మొండికేసింది. ఫిల్టర్ పూడిందేమోనని ఉతికాను. ఆరే టైమేదీ? ఇంతలో నువ్వు తాళం తీస్తున్న చప్పుడైంది. కంగారులో అలాగే దూర్చేశాను."

కొడుకు సోఫా కిందనుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మరి దగ్గు?" అన్నాడు.

"దగ్గితే దగ్గుతాను. ఒక్కదాన్నే పడుకోవడం కంటే నయం."

ఆ మాట కోడలికి ముల్లులా గుచ్చుకుంది. ఇన్నాళ్లూ ఆ గదిలోకి గొట్టం పట్టుకుని వెళ్లిందే గానీ, ఆ మంచం మీద కూర్చున్న పాపాన పోలేదు. అత్తగారు దగ్గినప్పుడల్లా పిల్లికేమవుతుందోనని భయపడింది తప్ప, మనిషికేమవుతుందోనని కాదు. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

"తప్పయిపోయింది అత్తయ్యా."

"నేను మాత్రం నోరు విప్పి చెప్పొచ్చుగా! చెబితే వీడు బుట్ట తీస్తాడని భయం. చిన్నప్పుడూ అంతే, బొమ్మకి కాలు విరిగితే పారేద్దామనేవాడు. వీడికి లిఫ్టులెవరు అప్పజెప్పారో!"

మెకానిక్ వెళ్లి మిషన్ ముందు గొంతుక్కూర్చున్నాడు. మోటారు కాలలేదనీ, ఫిల్టర్ పూర్తిగా ఆరేదాకా ఎవరూ ముట్టుకోవద్దనీ తేల్చాడు. డాక్టరుకి ఫోన్ చేస్తే, పిల్లిని రోజూ బాల్కనీలో దువ్వమనీ, పక్క దుప్పట్లు వేడినీళ్లలో ఉతకమనీ, దగ్గు పెరిగితే మాత్రం దాన్ని గదిలోకి రానివ్వద్దనీ చెప్పాడు.

"ఉతకడమా? అది నాకొదిలేయండి," అంది అత్తగారు.

కోడలు షాపుకి సెలవు పెట్టింది. మధ్యాహ్నం ఇల్లంతా మగత కమ్మినట్టుంది. కిటికీ తెర మెల్లగా ఊపిరి తీసుకుంటోంది. అత్తగారి గది తలుపు తెరిచే ఉంది. మంచం మధ్యలో దూది చుట్ట చుట్టుకుని పడుకుంది.

"కొంచెం జరగండి అత్తయ్యా. నాకూ నిద్రొస్తోంది."

అత్తగారు కళ్లు తెరవకుండానే గోడవైపు జరిగింది. దూది మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. మిగిలిన కాస్త చోటులో కోడలు ముడుచుకుని పడుకుంది. కాసేపటికి ఒక చెయ్యి పిల్లి మీదుగా వచ్చి ఆమె తలమీద ఆగింది.

"పొద్దున్నంతా ఏడ్చావు. పడుకో," అంది అత్తగారు.