నాలుగో లైన్ల ఉస్తాద్ గొంతు

గార్ల రోడ్డు మీదున్న ఆ ఫంక్షన్ హాలుకు పొద్దూకినంక ఒంటిగ పోవద్దంటరు. పెండ్లి రోజు వెయ్యిమంది తిని పోతరు, ఏం గాదు. ఖాళీగ ఉన్ననాడే దాని సంగతి. రాత్రి ఎనిమిదింబావు అయిందంటే... లోపల ఒక్క మనిషి నోరు తెరవకున్నా స్పీకర్లల గొంతు వస్తది.

ఆ గొంతు జాల్యాది. హాలుకు మొదట సౌండ్ పెట్టింది ఆయనే. మీది అర్రల నాలుగో లైను సదురుతుంటే కరెంటు కొట్టి అక్కడ్నే పానం ఇడిసిండు. రెండేండ్లయితున్నది. అప్పటి సంది ఆ అర్ర మెట్లు ఎవ్వరు ఎక్కలే.

ఇగ తాజుద్దీన్ సంగతి. జాల్యా చేతి కింద పని నేర్చినోడు. ఉస్తాద్ పోయినంక హాలు సౌండ్ పనంత ఓనరు గణపతి సారు ఈయనకే అప్పజెప్పిండు. ఇంట్ల పొయ్యి వెలిగేది దాని మీదనే. రోజు రాత్రి ఎనిమిదికి వచ్చి లైన్లన్ని చూసి పోవుడు అలవాటు. మూడు నెలల సంది, నాలుగో లైను కాడికి రాంగనే... గుసగుసగ...

"చాలు తాజూ... బంద్ చెయ్యి... ఇంటికి పో."

ఎంతకని ఓర్సుకుంటడు చెప్పుండ్రి! నిద్ర లేదు, తిండి సయిస్తలేదు. కలిసి పనిచేసే శివాజీ, పదేండ్ల దోస్తు, ముఖం మీదనే అన్నడు: "ఉస్తాదే పొమ్మంటుండు భాయ్. పానం కంటే హాలు ఎక్కువనా?" నిజమే అనిపించింది. పొద్దున తాళాలు ఓనరు చేతిల పెడ్తనని మాటిచ్చేసిండు.

ఆ రాత్రి ఆఖరుసారి సామాన్లు తెచ్చుకుందామని ఇద్దరు పోయిండ్రు. శివాజీ గేటు కాడనే ఆగిండు. "నేను రాను భాయ్. నాకు అంత గుండె లేదు."

తాజుద్దీన్ ఒక్కడే స్విచ్చర్ డబ్బ ముందల కూసున్నడు. స్టేజీ మైకు, అయ్యగారి మైకు, టీవీ, మీది అర్ర. నాలుగు లైన్లు ఆ డబ్బలకే వస్తయి. ఏది వినబడాల్నో దాని బటన్ నొక్కాలె. ఒకటి ఒర్రుడు, ఒకటి మూల్గుడు కాకుంట ఒక్కోదాని నాబ్ తిప్పి అన్నిటిని ఒక్క తీరుకు తేవాలె. ఉస్తాద్ మొట్టమొదలు నేర్పింది గదే. ఇంకోటి గూడ నేర్పిండు. సప్పుడు తేడా కొట్టిందంటే ముందుగాల నాబ్ తగ్గియ్యాలె, ఎందుకో తర్వాత చూసుకోవాలె.

అందుకే ఇన్ని రోజులు ఆ గొంతు వచ్చుడు, తాజుద్దీన్ నాబ్ సున్నకు తిప్పుడు, బయటికి ఉరుకుడు. పూరాగ ఇన్ననాడు ఒక్కటి లేదు.

ఎనిమిదింబావు అయితున్నది. నాలుగో బటన్ నొక్కిండు.

"పోతున్న ఉస్తాద్... ఒక్కసారి మంచిగ మాట్లాడుండ్రి. పూరాగ ఇంటా."

వచ్చింది. "చాలు తాజూ..."

పెద్దగ ఇందామని నాబ్ గోరంత తిప్పిండో లేదో — సప్పుడు హద్దు దాటిందని చెప్పే ఎర్ర లైటు భగ్గుమన్నది!

తాజుద్దీన్ ఆగిండు. ఇదేంది? మైకుల మాట్లాడితే సన్నగ వస్తది. సగం దాటేదాక తిప్పితే గాని గొంతు పైకి లేవదు. గోరంతకే ఎర్ర లైటు కొట్టేది పాటలు పెట్టే ఫోనే... మరి మీది అర్రల ఫోను ఎక్కడిది?

"...బంద్ చెయ్యి... ఇంటికి పో."

అలవాటుగ చెయ్యి నాబ్ మీదికి పోయింది. పండ్లు బిగవట్టి ఆపుకున్నడు. గొంతు ఆగింది. సన్నగ దగ్గు... ఎవరో కిసుక్కుమన్న సప్పుడు... మల్ల ఉస్తాద్ గొంతే, నవ్వుకుంట —

"ఏందిరా శివాజీ, ఫోన్ల పట్టుకుంటున్నవా ఏంది?"

తాజుద్దీన్‌కు యాదికొచ్చింది. ఏండ్ల కింద పాలకుర్తిల ఓ పెండ్లి. తెల్లారబోతున్నా తను లెవెల్లు సదురుకుంట కూసుంటే ఉస్తాద్ ముద్దుగ తిట్టిన మాటలవి. అక్కడున్నది ముగ్గురే.

మెట్లు ఎక్కిండు. మైకు పెట్టే చోట వైరుకు తగిలిచ్చి ఉన్నది, శివాజీ పాత ఫోను. పక్కకు చార్జరు. ఆ రికార్డునే అలారంగ పెట్టిండు, రోజు ఎనిమిదింబావుకు మోగేటట్టు. ఆఖరుదాక ఎవడింటడులే అనుకున్నడేమో, చివరి ముక్క కోసి గూడ పెట్టలే దొంగ!

గేటు కాడ శివాజీ గుసగుసగ అడిగిండు: "వచ్చిందా?"

తాజుద్దీన్ ఫోను చూపిచ్చిండు.

శివాజీ ఫోను దిక్కు చూసుకుంట అన్నడు: "నువ్వు పోతే... హాలు పని నాకిస్తనన్నడు గణపతి సారు. నాకూ ఒక హాలు ఉండాలె గద భాయ్..."

"అడిగితే సగం ఇస్తుంటి గదరా! ఇగ తాళాలు సారుకు ఇయ్యను. నువ్వు రేపటి సంది రాకు."

శివాజీ తల వంచుకొని బండి తిప్పుకున్నడు. తాజుద్దీన్ హ్యాండిల్ పట్టి ఆపిండు.

"ఒక్కటి ఇనిపో. రోజు భయపడి ఉరికొస్తుంటి. అయినా మర్నాడు మల్ల ఎందుకు పోయిన్నో ఎర్కనా? ఉస్తాద్ ఇంకా నన్ను ఇడిసిపెట్టి పోలేదు అనుకున్న గదరా..."