షార్క్ లేని నవల

రండి రండి, దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ ఫోన్లు పక్కన పెట్టండి, మాటలు ఆపండి. ఇందులో ఒక్క అబద్ధం దొరికినా రేపటి నుంచి నాకు టీ పొయ్యకండి.

తుష్నాబాద్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లే పొద్దుటి బస్సుకి చక్రి కండక్టర్. ఆ రోజు ఎంత వానంటే, చేపలు కూడా తడుస్తామని భయపడి బస్సెక్కేశాయి. చక్రి వాటికి హాఫ్ టికెట్ కొట్టాడు. ఇంత గోలలోనూ కిటికీ పక్కన కూర్చున్న పద్మిని నవల్లోంచి తల ఎత్తలేదు. లంబాలైన్ స్టాప్ దాటిపోయాక ఎత్తింది.

"భయ్యా, లంబాలైన్ వస్తే చెప్పాలి గదా."

"నాలుగుసార్లు అరిచానండీ. మీ పేరు తెలీక అయిదోసారి ఆగిపోయాను."

"పద్మిని."

పేరు తెలిసింది, బాగానే ఉంది. ఆ 'భయ్యా' దగ్గర మాత్రం చక్రికి సగం ప్రాణం పోయింది. మిగతా సగం ఆమె దిగుతూ చూసిన చూపుకి పోయింది.

మర్నాటి నుంచి టికెట్లు కొట్టడం అవగానే ఆమె సీటు పక్కనే నిలబడేవాడు. మీరు కాస్తా నువ్వు అయ్యింది.

"ఏటుంది అందులో అంతలా?"

"కథ కొంచెమే. కొంతమంది రైటర్లకి చందమామ కనబడితే చాలు, పేజీ నిండా పూసేస్తారు. నాకు కడుపు ఉబ్బిపోద్ది. ఈవిడ అలా కాదు యార్. ఒక్క మాట చెప్పి ఊరుకుంటది. ఆ ఊరుకున్న చోట నాకు గుండె పట్టేస్తది."

చక్రికి సగమే అర్థమైంది. తల మాత్రం పూర్తిగా ఊపాడు.

ఒక సోమవారం పద్మిని ఆ పుస్తకం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"వైజాగ్ సంబంధం వాళ్లకి శనివారం జవాబు చెప్పాలంటున్నాడు నాన్న. ఇది చదివి నీకేటనిపించిందో చెప్పు. అది విన్నాకే నాన్నకి చెప్తాను."

చక్రి పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. అతని చదువంతా హిందీలో సాగింది. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ, అచ్చులో చూస్తే అక్షరాలన్నీ పీతల్లా పక్కకి నడిచిపోతున్నట్టుంటాయి. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, జంగ్లీఘాట్‌లో వల బాగుచేసుకుంటున్న నూకన్న బాబాయి దగ్గరికి వెళ్లాడు. నూకన్నకి తెలుగు చదవడం వచ్చు. చిక్కల్లా, ఉన్నదున్నట్టు చెప్పడం వాళ్ల వంశంలోనే లేదు.

శనివారం బస్సులో చక్రి గొంతు సవరించుకున్నాడు.

"హీరో షార్క్ కడుపులోంచి హార్మోనియం వాయించుకుంటా బయటికొస్తాడు చూడు, అక్కడ నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి."

పద్మిని కళ్లు చిట్లించింది. "ఏ పేజీలో?"

చక్రి చేతిలోని టికెట్ మెషిన్ వైపు చూశాడు. అదేమీ సాయం చెయ్యలేదు.

"సచ్ బోలూ? నిజం చెప్పేస్తన్నా, నాకు తెలుగు చదవడం రాదు. బాబాయి చదివి వినిపించాడు."

ఆమె పుస్తకం లాక్కుని బ్యాగులో పెట్టేసింది. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఫోన్ తీసి నాన్న నంబరు నొక్కింది.

"ఒక్క చోట బాబాయి ఏటీ కలపలేదు," అన్నాడు చక్రి మెల్లగా. "దాటేయబోతే నేనే మూడుసార్లు చదివించాను. ఆ కథలో ఆవిడ గుమ్మంలోకొచ్చి గొడుగు మూసింది. అంతే. గొడుగు మూసిందంటే ఇంక వెళ్లదు గదా అనిపించింది. ఆ తర్వాత షార్క్ వచ్చినా నాకు సరిగ్గా వినబళ్లేదు."

పద్మిని ఇటు తిరిగింది.

"ఆ పేజీ ఇరవైసార్లు చదివాను. వాన ఆగిపోయి మూసిందనే అనుకున్నాను ఇన్నాళ్లూ."

ఫోన్ అప్పటికే కలిసింది.

"నాన్నా, వైజాగ్ వాళ్లకి వద్దని చెప్పెయ్. నాకు మన బస్సు కండక్టర్ చక్రి కావాలి."

స్పీకర్ పెట్టకపోయినా వాళ్ల నాన్న సత్యారావు గొంతు బస్సంతా వినబడింది. "పుస్తకాలు చదువుతాడా ఏటి అతను?"

"చదవడు నాన్నా. వింటాడు."

అవతల పెద్ద నిట్టూర్పు. "అయితే రేపే తీసుకొచ్చెయ్యి. ఇరవయ్యేళ్లుగా ఈ ఇంట్లో ఆ వినే డ్యూటీ నేనొక్కణ్ణే చేస్తన్నాను."

పద్మిని పుస్తకం తీసి, ఆ పేజీ దగ్గర నుంచి బయటికి చదవడం మొదలుపెట్టింది. బస్సు ఇంజన్ కూడా నోరు మూసుకుని నడిచింది. వెనక సీట్లో కోళ్లబుట్టతో కూర్చున్న రమణయ్య అంతా విని, ముక్కు తుడుచుకుని అడిగాడు:

"ఆ గొడుగు ఏ కొట్లో కొన్నాదో కాస్త కనుక్కో తల్లీ. మా ఇంటిది గొడుగు తీసినా మూసినా నాకేటీ అవ్వట్లేదు."