బుడంకాయ మోసిన కబుర్లు

"బుడంకాయా, మీ నాన్నతో చెప్పు, వేణ్ణీళ్ళు కాగాయని," అంది తల్లి పొయ్యి దగ్గర నుంచి.

ఆ నాన్న నాలుగడుగుల దూరంలోనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. చెవుడేమీ లేదు. అయినా రెండో తరగతి చదివే బుడంకాయ కుర్చీ దిగి వెళ్ళి, "నాన్నా, వేణ్ణీళ్ళు కాగాయట," అని చెప్పి వచ్చింది.

"పేపరయ్యాక వెళ్తానని చెప్పు మీ అమ్మతో."

పాపం, మళ్ళీ దిగింది. హోంవర్కు మొదలుపెట్టింది మొదలుపెట్టినట్టే ఉంది.

సంగతేమిటంటే, తల్లి ఆసుపత్రిలో నర్సు. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన వార్డు ఇన్‌చార్జి పోస్టు ఇస్తామని ఫోనొస్తే, ఆవిడ స్నానానికి వెళ్ళిందని మొగుడుగారు ఎత్తారు. ఎత్తినవాడు ఆవిణ్ణి పిలవచ్చుగా! "ఇంటిపనితోనే సతమతమవుతోందండీ, ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి," అని తనే తేల్చేశాడు. ఆ కుర్చీలో మరొకామె కూర్చున్నాక గానీ ఆవిడకి తెలియలేదు. నిలదీస్తే "నీ మంచికే" అన్నాడు తప్ప, "తప్పయింది" అన్న ఒక్క మాట అతని నోట రాలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆసుపత్రి క్వార్టర్సులో గది దొరికిందనీ, ఈ ఆదివారం కూతుర్ని తీసుకుని వెళ్ళిపోతున్నాననీ అత్తగారికి మాత్రం చెప్పింది. మంచం కింద పెట్టె సగం సర్ది ఉంది.

అత్తగారు చిన్న క్లాసుల టీచరుగా రిటైరైన మనిషి. మొగుడూపెళ్ళాల మధ్య దూరితే మాట పడేది తనేనని తన జోలి తను చూసుకుంటోంది. అదే పెద్దరికం అనుకుంది, పిచ్చితల్లి.

"నానమ్మా, పదబంధం అంటే ఏంటి?" అని పుస్తకం తోసింది బుడంకాయ.

"చేతులు పట్టుకుని నడిచే మాటలే. 'చిన్న ఎర్ర గొడుగు' అన్నామనుకో, మూడు మాటలూ ఒక జట్టు."

"గొడుక్కేమైంది?"

"అదే మరి! ఏమైందో చెప్పలేదుగా. చిరిగిందా, పోయిందా, ఎవరైనా ఎత్తుకుపోయారా? అది కూడా చెబితే వాక్యం. చెప్పకపోతే పదబంధం. ఏదీ, నువ్వొకటి చెప్పు."

"నాన్న కొత్త చెప్పులు."

"శభాష్."

"నీ పెద్ద ముక్కు."

"ఓసి గడుగ్గాయీ!"

పొయ్యి దగ్గర తల్లి నవ్వాపుకుంది. పేపరు వెనక కూడా భుజాలు కదిలాయి. ముసలావిడకి హుషారొచ్చింది. "ఈసారి కాస్త పొడుగ్గా ఉండాలి," అంది.

బుడంకాయ పెన్సిలు కొరుకుతూ ఆలోచించింది. "ఒకరితో ఒకరు మాట్లాడుకోని అమ్మానాన్నలు," అంది. "సరిపోయిందా నానమ్మా? వాళ్ళకేమైందో చెప్పలేదు. నాకు తెలీదు కదా."

పాలు పొంగిపోతున్నా ఎవరూ కదల్లేదు.

"అమ్మ నీతో చెబుతుంటే విన్నానులే. ఆదివారం మేం వెళ్ళిపోతే, కబుర్లు చెప్పడానికి రోజూ నేనిక్కడికి రావాలా? ఒక్కదాన్నీ రోడ్డు దాటడం నాకు రాదే."

పేపరు కిందికి దిగింది. అతని మొహం పాలిపోయింది. "ఆదివారం ఎక్కడికట? అడుగు మీ అమ్మని," అన్నాడు.

"నోర్ముయ్యరా!" అని లేచింది ముసలావిడ. "పసిదాని చేత అడిగిస్తావేం? నువ్వు మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా? ఇన్నాళ్ళూ చూస్తూ ఊరుకున్నందుకు ముందు నన్ననుకోవాలి."

స్టవ్ ఆర్పి ఇటు తిరిగింది భార్య.

"నేనే చెబుతాను వినండి. నా ఉద్యోగం సంగతి నన్నడక్కుండా తేల్చేశారు. రేపు దీని చదువూ ఇలాగే తేలుస్తారని భయమేసింది. అందుకే క్వార్టర్సుకి వెళ్ళిపోతున్నాను."

"నీ మంచికే..." అనబోయాడు. అంతలో కూతురు కుర్చీ దిగి, ఆ మాట అందుకుని అమ్మకి చేర్చడానికి సిద్ధంగా నిలబడటం కంటబడింది. ఆ చిన్న భుజం పట్టుకుని దగ్గరకు తీసుకున్నాడు.

"నువ్వు కూర్చో తల్లీ. ఇది నేను చెప్పాల్సింది." భార్య కళ్ళలోకి చూశాడు. "తప్పయింది. నీ మంచికి కాదది. నీకు పని పెరిగితే ఇల్లు నా నెత్తిన పడుతుందని జంకాను. ఇవాళ మీ ఆసుపత్రికొచ్చి అదే చెబుతాను."

"పోయిన పోస్టు తిరిగి రాదు."

"రాదని తెలుసు. అయినా చెబుతాను. ఇది నువ్వన్న మాట కాదని వాళ్ళకి తెలియాలిగా."

ఆవిడకి ఏడుపాగలేదు. అత్తగారు వచ్చి వీపు నిమిరింది. కాసేపటికి ఆవిడే కళ్ళు తుడుచుకుని, పొంగిన పాలు శుభ్రం చేసి, మిగిలినవాటితో కాఫీ కలిపింది. గ్లాసు పట్టుకుని అలవాటు చొప్పున, "బుడంకాయా, మీ నాన్నతో..." అంది.

బుడంకాయ అప్పటికే ఒక కాలు నేల మీద పెట్టేసింది.

"వద్దులే. నువ్వు రాసుకో."

ఆవిడే ఆ నాలుగడుగులూ నడిచింది. "కాఫీ," అంది భర్తతో. "పెట్టె సంగతి సాయంత్రం మాట్లాడుకుందాం. మనిద్దరం."

బుడంకాయ ఇద్దరి వంకా చూసింది. తనని ఎవరూ పిలవడం లేదని రూఢి చేసుకుని, దించిన కాలు మెల్లగా కుర్చీ మీదికి తీసుకుంది.