ముత్యం రాసిన ఒక పేజీ

లిఫ్ట్ నాలుగో అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల ఒక మనిషి మూలకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ప్రాణం లేదు. పక్కన పేపర్ కప్పులో కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది.

చనిపోయినవాడు దేశంలో సగం ఫోన్లను నడిపే కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. అతని కళ్లజోడు పెట్టెలో చీటీ దొరికింది. "శుక్రవారం పదకొండున్నర. అప్‌డేట్‌లోకి బయటివాళ్ల ఫైలు ఎక్కబోతోంది."

గంట తిరక్కుండా ఆ చీటీ సీక్రెట్ సర్వీస్ చీఫ్ టేబుల్ మీదికి వచ్చింది. ఆయన్ని డిపార్ట్‌మెంట్లో అందరూ పెద్దాయన అంటారు. ఎదురుగా ఏజెంట్ ముత్యం కూర్చున్నాడు. అసలు పేరు ఫైల్లో ఉంది, ఫైలు బీరువాలో ఉంది, బీరువా తాళం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ముత్యాల్లాంటి చేతిరాత వల్ల ఆ పేరు వచ్చింది. తుపాకీ గురి అంతంత మాత్రం. రిపోర్టు రాశాడంటే మాత్రం మంత్రిగారు కూడా కళ్లజోడు లేకుండా చదివేస్తారు.

"డెంటిస్ట్ ముఠా," అన్నాడు పెద్దాయన. "బయటి దేశం వాళ్లు. కంపెనీ ఎదురుగానే పళ్ల క్లినిక్ తెరిచి కూర్చున్నారు. శుక్రవారం ఫోన్లన్నిటికీ అప్‌డేట్ వెళ్తుంది. దాంతోపాటు వీళ్ల ఫైలూ వెళ్తుంది."

"వెళ్తే ఏమవుతుంది సార్?"

"ఫోన్ ఆఫ్ చేసినా సరే, నువ్వు ఎక్కడున్నావో చెప్పేస్తుంది. నాలుగు కోట్ల ఫోన్లయ్యా."

ముత్యానికి భయం వేసింది. నాలుగు కోట్ల కోసం కాదు. వాళ్ల అక్క ఇంట్లో ఉన్న ఏడు ఫోన్ల కోసం.

"లోపల మన మనిషి ఉంది. సెంటు. కంపెనీలో ప్రైవసీ ఆఫీసర్."

"ఆవిడ ముఠా మనిషి కదా సార్?"

"వాళ్లకీ పనిచేస్తుంది, మనకీ పనిచేస్తుంది. ఆవిడతో ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడు. ఇంకోటి. ఫైలు ఉండేది అగ్గిపెట్టెంత డబ్బాలో. అది పగలకూడదు. నలక పడకుండా నా టేబుల్ మీదికి రావాలి."

"ఎందుకు సార్?"

"రూలు."

ముత్యం ఇంకేం అడగలేదు. రూలు అన్న మాట వింటే అతనికి కడుపు నిండినట్టు ఉంటుంది.

ముత్యం అక్కకి టైలరింగ్ షాపు ఉంది. షాపు పైన మూడు గదులు. మొగుళ్ల దెబ్బలు తట్టుకోలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్లు అక్కడ తలదాచుకుంటారు. బోర్డు లేదు. ఎవరైనా అడిగితే కుట్టుపని నేర్చుకునే వాళ్లని చెబుతుంది. తలుపుకి గడియ కూడా సరిగ్గా పడదు. ఆ ఇల్లు ఎక్కడుందో ఎవరికీ తెలియకపోవడమే దానికున్న కాపలా.

"ఈసారి ఏం వేషంరా?" అంది అక్క, టేపు మెడలో వేసుకుని.

"ఏసీ మెకానిక్."

"పోయినసారి వంటవాడివి. అంతకుముందు నర్సువి. ఒక్కసారి పెళ్లికొడుకు వేషం వెయ్యరా నాయనా, జరీ పెట్టి కుడతాను."

"అక్కా, పైనున్న వాళ్లని ఫోన్లు పారెయ్యమని చెప్పొచ్చు కదా?"

"చెప్పడం తేలికేరా. ఫోన్ లేకపోతే జీతం పడదు, ఆస్పత్రిలో టోకెన్ ఇవ్వరు. మూడో గదిలో బేకరీ పిల్ల ఉందా, దాని మణికట్టు రెండోసారి విరగ్గొట్టాడు మొగుడు. ఎల్లుండి కట్టు మార్పించాలి. ఫోన్లో టోకెన్ చూపిస్తే గానీ గేటు దాటనివ్వరు." నోట్లో గుండుసూదులు తీసి అతని వైపు చూసింది. "ఎందుకడిగావు? ఏమైనా ఉందా?"

"ఏం లేదు. నేను ఆపేస్తాను."

"ఏది?"

"శుక్రవారం చెప్తా."

శుక్రవారం పదకొండూ పది. కంపెనీ వెనక గేటు. నీలం యూనిఫాంలో ముత్యం, భుజాన పనిముట్ల సంచీ. ఎత్తు మడమల చెప్పుల చప్పుడు కంటే ముందు సెంటు వాసన వచ్చింది. పేరు ఊరికే పెట్టలేదు. ఆ వరండాలో కంప్యూటర్లు కూడా తలతిప్పి చూస్తాయేమో అనిపించే మనిషి.

"ఏసీ చల్లగానే ఉందే?" అందామె. అది కోడ్.

"చల్లగా ఉన్నప్పుడే బాగుచేయాలి మేడమ్," అన్నాడు ముత్యం. అదీ కోడే.

ఆమె కార్డు తలుపు తెరిచింది. సర్వర్ రూం. మనిషి ఎత్తు నల్ల బీరువాలు, వాటి నిండా చిన్న చిన్న పచ్చ లైట్లు, చెవులు గింగుర్లెత్తే ఫ్యాన్ల హోరు. ముత్యం స్క్రూడ్రైవర్ పిడి తిప్పాడు. అందులో దాచిన స్కానర్‌ని బీరువాల వెంట జరుపుతూ పోతే పన్నెండో దాని దగ్గర వణికింది.

పదకొండూ ఇరవై ఏడు.

బీరువా వెనకనుంచి తెల్లకోటు మనిషి లేచాడు. చేతిలో సైలెన్సర్ తుపాకీ. డెంటిస్టే స్వయంగా వచ్చాడు.

"నోరు తెరవకు," అన్నాడు డెంటిస్ట్.

"మీ వృత్తికి ఆ మాట నప్పలేదు డాక్టరుగారూ," అంటూ ముత్యం సంచీలోని ఏసీ గ్యాస్ సిలిండర్ వాల్వు తిప్పాడు. తెల్లటి చల్లటి పొగ డెంటిస్ట్ మొహాన కొట్టింది. తుపాకీ పేలింది. తూటా సంచీలో దిగింది. సెంటు కాలు అడ్డం పెట్టింది. డెంటిస్ట్ బొక్కబోర్లా పడ్డాడు.

పదకొండూ ఇరవై తొమ్మిది. ఇంకా ఇరవై సెకన్లే ఉంది. స్క్రూ తుప్పుపట్టి తిరగలేదు. పదిహేను. తిరిగింది. తొమ్మిది. మూత ఊడింది. నాలుగు. వైరుకి వేలాడుతూ బూడిదరంగు డబ్బా. ఒక్క సెకను ఉండగా లాగేశాడు.

అప్‌డేట్ వెళ్లిపోయింది. ఖాళీగా వెళ్లింది.

ముత్యం నేల మీద చతికిలబడ్డాడు. డబ్బా అరచేతిలో ఇంకా వెచ్చగా ఉంది.

"తొక్కెయ్," అంది సెంటు.

"ఏంటి?"

"కింద పెట్టి బూటుతో తొక్కెయ్. నేను చూడలేదంటాను. ఈ ఫైలు ఇంకెక్కడా లేదు, కాపీ తీసుకోవడం వీళ్లకి కూడా ఇంకా కుదర్లేదు. దీన్ని వీళ్లకి రాసిచ్చినవాడు ఆ లిఫ్ట్‌లో పోయినవాడే. భయపడి ఎదురుతిరిగాడు, చంపేశారు."

"స్వాధీనం చేసుకున్న వస్తువు మేడమ్. అప్పగించాలి. రూలు."

ఆమె నవ్వింది. ఆ నవ్వులో అందం లేదు, అలసట ఉంది. "మెకానిక్‌గారూ, నేను ఐదేళ్లు రెండు వైపులా పనిచేశాను. ఇద్దరూ నన్ను అడిగింది ఒకటే, జనం ఎక్కడెక్కడున్నారో."

అప్పటికే మెట్ల మీద డిపార్ట్‌మెంట్ వాళ్ల బూట్ల చప్పుడు వినిపిస్తోంది. ముత్యం ఆ మాట విన్నాడు. విని, డబ్బాని జేబురుమాల్లో చుట్టాడు.

డెంటిస్ట్‌నీ సెంటునీ ఒకే వ్యాన్‌లో ఎక్కించారు. తొక్కెయ్యమన్న సంగతి విని పెద్దాయన, "మనకి దక్కకూడదని దాని ఏడుపు," అన్నాడు.

డిపార్ట్‌మెంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువు పట్టుకొచ్చినా స్టోర్లో ఇచ్చేటప్పుడు దాంతోపాటు ఒక పేజీ రాసివ్వాలి. పైన "వాడే విధానం" అని హెడ్డింగు. మిగతా ఏజెంట్లు నాలుగు గీతలు గీకి చేతులు దులుపుకుంటారు. ముత్యం రెండు రోజులు కూర్చున్నాడు. డెంటిస్ట్ చెప్పిందంతా విని, పేజీ నిండా, చదివితే ఎవరికైనా అర్థమయ్యేలా రాశాడు. కింద ఎర్ర ఇంకుతో గీత కూడా గీశాడు. స్టోర్ గుమాస్తా అది చూసి, "ఫ్రేం కట్టించాలండీ," అన్నాడు.

ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసి, "ఆపేశాను," అన్నాడు.

ఆరు వారాలు గడిచాయి.

ఒక సోమవారం పొద్దున ఊరంతా పోస్టర్లు వెలిశాయి. పోస్టర్లో తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు నవ్వుతున్నారు. కంపెనీ, ప్రభుత్వం కలిసి తెచ్చిన కొత్త అప్‌డేట్. పేరు "తోడు". కుటుంబ కార్డులో పేరున్న వాళ్లంతా ఎక్కడున్నారో ఇంటి పెద్ద ఫోన్లో కనిపిస్తుంది. వద్దనుకునే హక్కు అందరికీ ఉంది. వద్దంటే జీతం, టోకెన్, బస్సు పాసు మాత్రం ఆగిపోతాయి.

ముత్యం బస్‌స్టాపులో నిలబడి పోస్టర్ కింది లైను చదివాడు. "ఫోన్ ఆఫ్ చేసినా దిగులు లేదు, తోడు మాత్రం ఆగదు." పేరొక్కటే వాళ్లది. మిగతా వాక్యం అతనిదే. పేజీలో మూడో లైను. ఆ కామా కూడా అతను పెట్టిందే.

పెద్దాయన గదిలోకి దూసుకెళ్లాడు.

"సార్, ఇది ఆ ముఠా ఫైలే!"

"ముఠా చేతిలో ఉంటే ముఠా ఫైలు. ఇప్పుడు స్కీము." పెద్దాయన టీ కప్పు పక్కకి జరిపాడు. "నీకు మెడల్ రాశాను. తీసుకోవాలంటే ముందు ఫోన్లో తోడు వేసుకోవాలి. ఫారం ఆన్‌లైన్లోనే."

ముత్యం మెడల్ సంగతి ఆలోచించలేదు. అక్క షాపుకి పరిగెత్తాడు. దారిలో ఫోన్ గుయ్యిమంది. అప్‌డేట్ దానంతటదే దిగింది. అది సర్వీసు ఫోన్, వద్దనే బటన్ అసలు లేదు.

షాపు ముందు ఆటో ఆగి ఉంది. గుమ్మంలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకడు చాలా మర్యాదగా నిలబడ్డాడు. పక్కన కానిస్టేబుల్.

"మా ఆవిడ పైన ఉందమ్మా," అంటున్నాడు అక్కతో. "మూడో గది. కిటికీ పక్కన. ఇదిగో, ఫోన్ చూపిస్తోంది."

"ఇక్కడెవరూ లేరు," అంది అక్క.

"తోడు తప్పు చెప్పదు కదమ్మా," అన్నాడు కానిస్టేబుల్ మెత్తగా. కంప్లైంట్ కాగితం కూడా చూపించాడు. మొత్తం చట్టప్రకారమే ఉంది.

ముత్యం ఐడీ కార్డు తీశాడు. కానిస్టేబుల్ చూసి సెల్యూట్ కొట్టాడు. "మీరే చెప్పండి సార్, ఇది మీవాళ్ల స్కీమే కదా." ముత్యం కార్డు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

బేకరీ పిల్ల తనంతట తానే మెట్లు దిగింది. మెడకి వేలాడదీసిన చేతికి కొత్త కట్టు. "అక్కా, మిగతావాళ్లని ఇవాళే పంపించెయ్యండి," అంది చిన్నగా. "మా ఆయన ఒక్కడే కాదు, అందరి మొగుళ్లకీ ఫోన్లున్నాయి."

ఆటో వెళ్లిపోయింది.

అక్క మిషన్ ముందు కూర్చుంది. సూదిలో దారం ఉంది, కింద బట్ట లేదు. అయినా తొక్కుతోంది.

"ఆపేశానన్నావు కదరా."

ముత్యం అంతా చెప్పాడు. డబ్బా సంగతి, సెంటు తొక్కెయ్యమన్న సంగతి, పేజీ, ఎర్ర ఇంకు గీత, ఏదీ దాచలేదు. అక్క మిషన్ తొక్కుతూనే ఉంది.

జేబులో ఫోన్ మోగింది. తీశాడు. తెర మీద తోడు పోస్టర్లోని నవ్వుతున్న బొమ్మ. "మీరు ఈ చోటికి తరచూ వస్తున్నారు. దీనికి ఒక పేరు రాయండి."

అక్క తొంగిచూసింది. మిషన్ ఆపింది.

"రాసెయ్ తమ్ముడూ," అంది. "నీ రాత చక్కగా ఉంటుందిగా."