నోటీసు బోర్డు మీద బాబాయి పొట్ట

బేబీని నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె గొడుగు కింద నిలబడి నా కార్టూన్ చూసి నవ్వుతోంది.

నా బొమ్మ చూసి ఒక అమ్మాయి నవ్వడం నాకు కొత్త. పబేడాన్‌లో సైన్‌బోర్డులు, ఫ్లెక్సీలు చేసే షాపులో పని నాది. నేను వేసే బిర్యానీ ప్లేటు చూసి జనానికి ఆకలి పుడుతుందేమో గాని నవ్వు రాదు. అందుకని వానలో తడుస్తూనే అక్కడ ఆగిపోయాను.

బోటాటౌంగ్‌లో, జెట్టీలకు రెండు వీధుల ఇవతల, మా తెలుగువాళ్ల రామాలయం ఉంది. రేవులో మూటలు మోయడానికి ఓడలెక్కి బర్మా వచ్చిన మా తాతలు కట్టుకున్నది. గేటు పక్కన నోటీసు బోర్డు. దాని మీద, గీసినవాడి పేరు లేకుండా, నా కార్టూన్.

బొమ్మలో ఒక మగాడు వంటింట్లో నిలబడ్డాడు. చంకలో ఏడుస్తున్న పిల్లాడు, చేతిలో గరిటె, పొయ్యి మీద పొంగిపోతున్న గిన్నె. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న పెళ్లాం, "ఓటేసి వస్తాను, పప్పు మాడనియ్యకు" అంటోంది.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని నా వైపు తిరిగింది. ఇక్కడి ఆడవాళ్లందరిలా బుగ్గలకు రాసుకున్న తనకా చెక్క గంధం తుంపరకి ఒక పక్క కరిగిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. చూస్తూ నిలబడ్డాను.

"ఇది గీసినోడు ఎవుడో మీకు తెలుసా?" అని అడిగింది.

"ఏటి, బాలేదా?"

"బాలేకపోడమేటి. ప్రెసిడెంటు పొట్ట ఉన్నదున్నట్టు దించీసినాడు. ఆ తువ్వాలు, ఆ గరిటె పట్టుకోడం, అంతా ఆయనే. ఇన్నాళ్లకి మా పక్క ఒకడు మాటాడినాడు. ఎంత దైర్యం ఉండాలో."

నేను గతుక్కుమని బొమ్మ వైపు చూశాను. నిజమే. ఆ మగాడు సాక్షాత్తూ మా సంఘం ప్రెసిడెంటు చంద్రరావు బాబాయే. ప్రతి పండక్కీ నడుముకి తువ్వాలు బిగించి గుడి పెరట్లో పులిహోర కలిపేది ఆయన. పుట్టి బుద్ధెరిగాక నేను గరిటెతో చూసిన మగమనిషి ఆయనొక్కడే. మగాడి చేతికి గరిటె ఇవ్వగానే నా చెయ్యి దానంతటదే ఆ పొట్ట వేసేసింది. ఆమె చెప్పేదాకా నాకు తెలియనే లేదు.

"నానే గీసినాను," అన్నాను.

అది అబద్ధం కాదు. ఎందుకు గీశావని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆమె కళ్లు పెద్దవి చేసి నన్ను చూసిన ఆ చూపు కోసం నేను ఇంకా చాలా విషయాలు చెప్పకుండా ఉండగలను.

ఎందుకు గీశానో మీకు చెప్పేస్తాను. రెండేళ్లకొకసారి మా సంఘానికి ఎన్నికలు. ఇంటికి ఒక ఓటు. ఇంటి మగాడి చేతికి ఒక వక్క ఇస్తారు. తెర వెనక్కి వెళ్లి చెంబులో వేసి వస్తాడు. మగాడు లేని ఇంటికి వక్క లేదు. ఈ ఏడు ఆడవాళ్లు మాకూ ఓటు ఇమ్మని అర్జీ పెట్టారు. దాని మీద ఆదివారం మీటింగు.

"ఎదురు సెప్తే ఇంకా రెచ్చిపోతారురా," అన్నాడు చంద్రరావు బాబాయి నన్ను పిలిచి. "నవ్వించీ. ఒకసారి అందరూ నవ్వీసినారంటే ఆ ఊసు అక్కడితో పోతాది."

మా నాన్న పోయాక నాకు షాపులో పని ఇప్పించింది ఆయనే. కాదనలేక ఫోన్లో వెతికాను. వందేళ్ల కిందట ఇంగ్లండులో ఆడవాళ్లు ఓటు అడిగినప్పుడు వాళ్లను వెక్కిరిస్తూ పోస్టుకార్డులు అచ్చేశారట, కుప్పలు కుప్పలుగా. బట్టలుతుకుతున్న మొగుడు, ఏడుస్తున్న పిల్లలు, టింగురంగామని బయటికి పోతున్న పెళ్లాం. చూసి నాకూ నవ్వొచ్చింది. ఒక కార్డు తీసుకుని, మొగుడి ప్యాంటు తీసేసి లుంగీ కట్టాను. అంతే నేను చేసింది.

మర్నాడు బాబాయి షాపుకి వచ్చాడు.

"ఒరే, ఆ పొట్ట ఎవుడిదిరా?"

"పొరపాటైపోనాది బాబాయ్."

"ఆడోళ్లని నవ్వులపాలు సెయ్యరా అంటే నన్ను సేసినావు. నిన్న మా ఆవిడ నా సేతికి గరిటిచ్చి, పప్పు మాడనియ్యకు అనీసి ఎలిపోనాది. ఆదివారం లోపల ఇంకోటి గియ్యి. ఈసారి ఆడమనిషి మొకం సరిగ్గా గియ్యి, నోరు పెద్దదిగా."

తల ఊపాను. కానీ నోరు పెద్దదిగా ఉన్న ఆడమనిషిని గియ్యడానికి పెన్సిలు పట్టుకుంటే ఒక పక్క కరిగిన తనకా బుగ్గే కాగితం మీదికి వస్తోంది.

బుధవారం సాయంత్రం బేబీ నన్ను టీ షాపుకి పిలిచింది. ఆమె జెట్టీ దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో కంటైనర్ల కాగితాలు సరిచూసే ఉద్యోగం చేస్తోంది. చిన్న ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఆమె నాకోసం తీపి ఎక్కువ వేయించి టీ చెప్పింది.

"ఆ కాలంలో ఆడోళ్లు కూడా బొమ్మలు గీసినారు, తెలుసా కో మోహన్? మగోళ్లు కార్డులేసి నవ్వితే, ఈళ్లు సెక్క మీద సెక్కడం నేర్సుకుని, సొంతంగా అచ్చేసి జవాబిచ్చినారు."

బర్మీస్ మర్యాదతో 'కో' అని పిలిచింది. ఆ బొమ్మల సంగతి నాకు తెలియదు. నేను మొదటి పేజీలో దొరికిన కార్డు తీసుకుని ఫోను కట్టేశాను.

"మాకూ అలగ ఒకటి గావాల. మీరే గియ్యాల. ఏం గియ్యాలో నాను సూపిస్తాను." ఫోను నా ముందు పెట్టింది. "మాయమ్మ తాయారు గుడి దీపాలకి నూని పోస్తాది గదా, ఆవిడతో ఎల్లి సంఘం పుస్తకం అంతా ఫోటోలు తీసీసినాను."

పాత పేజీలు. ఇంటి నెంబరు, ఇంటి పెద్ద పేరు, ఏడాది. కొన్ని చోట్ల పేరు కొట్టేసి పక్కన 'మూసిన ఇల్లు' అని రాసి ఉంది.

"ఇదేటి?"

"పూర్వం కూలీలు ఒక్కలే ఒచ్చీవోరు గదా. మనిషి పోతే గదికి తాళమే. ఆ మాట అప్పటిది. తరవాత ఆడోళ్లొచ్చినారు, పిల్లలొచ్చినారు, మాట మాత్రం మారలేదు. మా నాన్న పోయి తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లై మా ఇల్లు మూసీసున్నాదంట. రోజూ పొద్దున్న ఆ మూసిన ఇంట్లోంచే మాయమ్మ ఒచ్చి దేవుడికి దీపం ఎడతాది."

ఆమె గొంతు పెంచలేదు. కంటైనర్ల లెక్క చెప్పినట్టే చెబుతోంది. ఇలాంటి ఇళ్లు పద్నాలుగట. ఆఫీసు అయ్యాక బస్సులు పట్టుకుని ఊరి చివర ఇన్సేన్ దాకా వెళ్లి, పద్నాలుగు తలుపులూ తట్టి అర్జీకి సంతకాలు తెచ్చింది. రాయడం రానివాళ్ల దగ్గర కూర్చుని పేరు రాయడం నేర్పించి మరీ తెచ్చింది. ఇంత మనిషిని నేను పెద్ద నోటితో గియ్యబోయాను.

ఆమె వేలితో పేజీలు జరుపుతోంది. ఒక చోట నా చెయ్యి అడ్డం పడింది.

ఇంటి నెంబరు మాది. మా నాన్న పేరు, దాని మీద అడ్డగీత. కింద 'మూసిన ఇల్లు', మూడేళ్లు. దాని కింద నా పేరు.

నాన్న పోయినప్పుడు నాకు పదిహేను. ఆ మూడేళ్లూ తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ పొయ్యి వెలిగించి, ఇడ్లీలు పెట్టి, పబేడాన్ ఫుట్‌పాత్ మీద అమ్మి నన్ను చదివించింది. తలుపు సందుల్లోంచి ఆవిరి వీధిలోకి పోయేది. ఆ ఇంటికి పుస్తకంలో తాళం వేసేశారు. నాకు పద్దెనిమిది నిండగానే, మీసం కూడా సరిగ్గా రాని నన్ను చూసి తాళం తీశారు.

"బేబీ, ఒకటి సెప్పాల," అన్నాను. "ఆ బొమ్మ మీకోసం గీసింది కాదు. మిమ్మల్ని నవ్వులపాలు సెయ్యడానికి గీసినాను. బాబాయి అడిగినాడు. పొట్ట తెలీకుండా ఒచ్చీసినాది."

ఆమె కప్పు కింద పెట్టింది.

"ఊరుకుంటే నాకు తెలీదు గదా. ఇప్పుడెందుకు సెప్తన్నావు?"

"మా ఇల్లు కూడా ఇందులో ఉన్నాది."

"అంటే మీ ఇల్లు నేకపోతే సెప్పీవోడివి కాదు."

ఆమె ఫోను తీసుకుని వెళ్లిపోయింది. అంతవరకు నన్ను మీరు అన్న మనిషి నువ్వులోకి దిగిందని తర్వాత గుర్తొచ్చింది. ఇలా దిగాలని నేను కోరుకోలేదు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ కింద కూర్చుని రేపటి పప్పు ఏరుతోంది. పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నాన్న పోయాక సంఘంలో మన ఓటు ఎవుడేసినాడు?"

అమ్మ చేట ఆపలేదు. "ఆ యేడు నానెల్నాను. వరసలో నిలబడితే తెలీక నాకూ వక్కిచ్చీసినారు. తెర దగ్గర మీ బాబాయి ఆపినాడు. మంచిగానే సెప్పినాడులే. 'వదినా, మూడేళ్లు ఓపిక పట్టు, కొడుకు పెద్దోడైపోతాడు' అన్నాడు. సరేననీసి ఆ వక్క నమిలుకుంటా ఇంటికొచ్చీసినాను."

"నాకు సెప్పలేదేటి?"

"నువ్వడగలేదు గదరా."

"ఆ తరవాత నాలుగుసార్లు నానే ఓటేసినాను. ఎవుడికెయ్యమంటావని నిన్ను ఒక్కసారైనా అడిగినానా?"

"నేదు," అంది అమ్మ. కోపం లేదు. ఉన్న మాట చెప్పి రాళ్లు ఏరుకుంటోంది.

ఆదివారం ఉదయం బోర్డు మీద రెండు బొమ్మలున్నాయి. మొదటిదాని కింద నా పేరు రాసి, 'ఆడవాళ్లను వెక్కిరించడానికి గీశాను, తప్పు నాది' అని రాశాను.

రెండోది కొత్తది. హాలు గుమ్మం ముందు ఆడవాళ్ల వరస. ఒకావిడ నెత్తిన ఇడ్లీ గిన్నె, ఒకావిడ చేతిలో నూనె డబ్బా, ఒకామె చంకలో ఆఫీసు ఫైళ్లు. గుమ్మంలో పెద్ద కుర్చీ. అందులో స్కూలు సంచీతో ఒక కుర్రాడు, కాళ్లు నేలకి అందడం లేదు. పొట్ట ఉన్న పెద్దమనిషి వంగి వాడికి పళ్లెంలో వక్క అందిస్తూ, "ఇంటి పెద్ద వచ్చాడు, తప్పుకోండమ్మా" అంటున్నాడు. కుర్రాడి ముఖం నాది. కింద 'కోటేశ్వరి కొడుకు మోహనకృష్ణ' అని సంతకం.

జనం చూసి నవ్వారు. నవ్వుతూ వరసలో ఎవరెవరున్నారో చూశారు. అప్పుడు చాలామంది నవ్వడం మానేశారు. బేబీ వచ్చి చూసింది, నా వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

చంద్రరావు బాబాయి బొమ్మ ముందు చాలాసేపు ఉన్నాడు.

"ఈసారి కూడా నా పొట్టేనా?"

"ఈసారి తెలిసే గీసినాను బాబాయ్."

ఆయన తువ్వాలు దులుపుకుని లోపలికి వెళ్లాడు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

మీటింగు మొదలైంది. తెర వెనక రెండు చెంబులు, ఒకటి ఔనుకి, ఒకటి కాదుకి. వక్క దక్కే ఇళ్లు యాభై రెండు. మగవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్తున్నారు. ఆరోది నా పేరు. వక్క తీసుకుని, నడిచి వెళ్లి గోడ వార కూర్చున్న అమ్మ చేతిలో పెట్టాను.

"మా ఇంటి ఓటు మాయమ్మ యేస్తాది."

వెనక ఎవరో రూలు ఒప్పుకోదు అన్నారు. అందరూ ప్రెసిడెంటు వైపు చూశారు. ఆయన అమ్మ వైపు చూశాడు.

"వదినా, ఆ యేడు నిన్ను ఎనక్కి పంపినోడ్ని నానే. ఆడు బొమ్మ సరిగ్గానే దించినాడు," అన్నాడు. లేచి వెళ్లి, తన చేత్తోనే తెర పక్కకి తీసి పట్టుకున్నాడు. "రా."

అమ్మ చీర కొంగు సర్దుకుని లోపలికి వెళ్లింది. తర్వాత పిలిచింది శంకర్‌ని. అతను వక్క తీసుకుని ఒక్క క్షణం ఆగి, భార్య చేతిలో పెట్టాడు. అతని తర్వాత ఇంకొకాయన. ఆ రోజు పందొమ్మిదిమంది ఆడవాళ్లు ఆ తెర దాటడం నా కళ్లతో చూశాను. ఎవరూ ఏడవలేదు, ఎవరూ కేకలు వెయ్యలేదు. వెళ్లారు, వేశారు, వచ్చి కూర్చున్నారు.

ఔనుకి ముప్పై మూడు. కాదుకి పందొమ్మిది. పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. పద్నాలుగు చోట్ల 'మూసిన ఇల్లు' కొట్టేసి పేర్లు రాయాలి. ఆ పని బేబీకి ఇచ్చారు. ఆమె మొదట తాయారు అని రాసింది. సిరా ఆరేదాకా ఊది, అప్పుడు రెండో పేరుకి వెళ్లింది.

బయటికి వచ్చేసరికి వాన తెరిపిచ్చింది. గేటు దగ్గర అమ్మను అడిగాను.

"ఏ సెంబులో యేసినావమ్మా?"

"నీకెందుకురా సెప్పాలి?" అంది అమ్మ.

వెనక నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. బేబీ.

"కోపం పోనాదా?" అన్నాను.

"సగం. బొమ్మకి పోనాది. టీ షాపులో మాటకి పోలేదు."

దాచుకుంటే ఏమవుతుందో ఆ వారంలోనే నేర్చుకున్నాను కాబట్టి దాచలేదు. "నువ్వంటే నాకు బయం, బేబీ. ఇష్టం కూడా. ఏది ఎక్కువో తెలీడం నేదు. నన్ను పెళ్లి సేసుకుంటావా?"

ఆమె తడబడింది. పద్నాలుగు తలుపులు తట్టిన మనిషి తడబడడం అదే మొదటిసారి చూశాను. మా అమ్మ వైపు తిరిగి, పెద్దావిడలను పిలిచే బర్మీస్ మర్యాదతో అడిగింది.

"దో కోటేశ్వరి, మీ అబ్బాయి అడుగుతన్నాడు. మీరేటంటారు?"

"నన్నడుగుతావేటమ్మా?" అంది అమ్మ, బురద తగలకుండా చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుంటూ. "అడిగింది నిన్ను. నీ బదులు నాను యెయ్యను."

అమ్మ ముందుకు నడిచింది. మేమిద్దరం వెనక. జెట్టీ వీధి దాటాం, బస్సు స్టాపు దాటాం. నేను తొందరపెట్టలేదు. వీధి చివర ఆమె ఆగి, నా ముఖంలోకి సూటిగా చూసి, "సరే," అంది.